స్విచ్ ఆఫ్ చేసినా బ్యాటరీ దిగిపోతోంది: తప్పు బ్యాటరీదా, కెమెరాదా?

కొత్తక్లిక్:
సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ కెమెరా కొన్నాను. ఫుల్ ఛార్జ్ చేసి, ఆఫ్ చేసి బ్యాగులో పెడితే వారం తిరిగేసరికి ఖాళీ. ఒక్క ఫొటో తీయకుండానే! అమ్మినాయన బ్యాటరీ పాతదైంది, కొత్తది వేసుకోమంటున్నాడు. రిపేర్ షాపులో బోర్డు పోయిందన్నారు. ఎవరి మాట నమ్మాలి?

పెళ్లిళ్లసీజన్:
బోర్డూ లేదు, గీర్డూ లేదు. డూప్లికేట్ బ్యాటరీ అయి ఉంటుంది. ఒరిజినల్ కొనండి, వాడనప్పుడు తీసి పక్కన పెట్టండి. మా ఫీల్డులో అందరం చేసేది అదే.

మల్టీమీటర్:
డూప్లికేట్ అయితే ఫొటోలు తక్కువ వస్తాయి, ఒప్పుకుంటాను. కానీ బాగున్న లిథియం అయాన్ బ్యాటరీ ఊరికే పెట్టి ఉంచితే నెలకు కొద్ది శాతమే దిగుతుంది. వారంలో ఖాళీ అయిందంటే బ్యాటరీ లోపలి సెల్ అయినా చెడి ఉండాలి, కెమెరా అయినా తాగేస్తూ ఉండాలి. అదేదో తేలకుండా ఆయన చేత డబ్బు ఖర్చు పెట్టించడం ఎందుకు సార్? ఫుల్ ఛార్జ్ చేసి ఒక వారం బ్యాటరీని బయటే ఉంచమనండి, మరో వారం కెమెరాలో. బయట కూడా దిగితే బ్యాటరీదే తప్పు. లోపలే దిగితే, కెమెరా కింద తగిలించే బ్యాటరీ గ్రిప్ ఉంటే విప్పి, లెన్స్ మార్చి మళ్లీ చూడాలి.

అన్నట్టు, అందులో జీపీఎస్ ఉందా? కెనాన్ 6డీలో జీపీఎస్ ఆన్‌లో వదిలేస్తే, పవర్ స్విచ్ ఆఫ్ చేసినా అది ఉండి ఉండి ఉపగ్రహాల కోసం వెతుకుతూనే ఉంటుంది. 2014లో వచ్చిన 7డీ మార్క్ 2లో రెండు మోడ్‌లు ఇచ్చారు. మోడ్ 2 పెడితే స్విచ్‌తో పాటు జీపీఎస్ కూడా ఆగుతుంది.

పిట్టలవెంట:
బ్లూటూత్ కూడా చూడండి. కొన్ని నికాన్ మోడళ్లలో 'సెండ్ వైల్ ఆఫ్' అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే కెమెరా ఆపాక కూడా ఫోన్‌కి ఫొటోలు వెళ్తుంటాయి.

పెళ్లిళ్లసీజన్:
ఇన్ని మెనూలు వెతుక్కుంటూ కూర్చుంటే ముహూర్తం దాటిపోతుంది. బ్యాటరీ తీసేస్తే గొడవే లేదు కదా!

మల్టీమీటర్:
తీయొచ్చు. కానీ తేదీ, టైమ్ నిలిపే చిన్న బ్యాటరీ ఒకటి లోపల ఉంటుంది. చాలా మోడళ్లలో అది పెద్ద బ్యాటరీ నుంచే ఛార్జ్ అవుతుంది. నెలల తరబడి తీసి ఉంచితే గడియారం మొదటికొస్తుంది. తర్వాత రెండు కెమెరాల ఫొటోలు టైమ్ ప్రకారం సర్దితే జీలకర్ర బెల్లం కన్నా ముందే అప్పగింతలు వస్తాయి.

కొత్తక్లిక్:
జీపీఎస్ ఉంది, ఆన్‌లోనే ఉంది! ఆపేశాను. బ్యాటరీ మీద కంపెనీ పేరు కూడా లేదు లెండి. ఈ వారం దాన్ని బయట పెట్టి చూస్తాను, అప్పటిదాకా ఏమీ కొనను.

పెళ్లిళ్లసీజన్:
పరీక్ష చేసుకోండి, కాదనను. ఈలోగా ఫంక్షన్ ఏదైనా తగిలితే ఆ పేరు లేని బ్యాటరీ ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్తారా? స్పేర్ ఎలాగూ కొనాల్సిందే.