డ్రైవర్ ఉద్యోగం, వెన్నుపాము దెబ్బ: రిటైర్మెంట్ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న (ఒడిశా, గుణుపురం నుంచి):
అన్నయ్యలూ, అక్కలూ, తెలిసినవాళ్లు చెప్పండి. మా ఆయన ఒక సర్కారు ఆఫీసులో పర్మనెంట్ డ్రైవర్. సెలవులో పర్లాకిమిడి వెళ్తూ బండి మీంచి పడ్డారు, నడుం దగ్గర వెన్నుపాము దెబ్బతిని కాళ్లు రెండూ పడిపోయాయి. చేతులకేం కాలేదు. ఆఫీసులో బడాబాబు (హెడ్ క్లర్కు) "డ్యూటీలో జరిగింది కాదు కదా, రిటైర్మెంట్‌కి రాసిచ్చేయండి, పెన్షనొస్తుంది" అని ఒడియాలో కాగితం కూడా ఆయనే తయారుచేసి పంపాడు, సంతకమే తరువాయి. ఇద్దరు పిల్లలు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
సంతకం పెట్టనివ్వకండి చెల్లెమ్మా, మిగతావన్నీ తర్వాత. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20(4) సెక్షన్ చూడండి. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఉద్యోగంలోంచి తీయకూడదు, హోదా తగ్గించకూడదు, పాత పని కుదరకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టుకి మార్చాలి, అదీ లేకపోతే తగిన పోస్టు దొరికేదాకా లేదా రిటైరయ్యే వయసుదాకా అదనపు పోస్టులో ఉంచాలి. డ్యూటీలోనే జరగాలన్న షరతు అందులో లేదు, అది బడాబాబుగారి సొంత రూలు. 2003లో కునాల్ సింగ్ కేసులో, ఇన్‌వాలిడ్ పెన్షన్ (ఇక పని చేయలేరని ఇచ్చే పెన్షన్) ఇచ్చాం కాబట్టి ఉద్యోగం ఇవ్వక్కర్లేదన్న వాదనని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు (అప్పటి 1995 చట్టం కింద). కానీ మనంతట మనమే రాసిచ్చేస్తే వాదించడం కష్టమైపోతుంది.

యూడీఐడీ కార్డుకి (వికలాంగుల గుర్తింపు కార్డు) ఇప్పుడే అప్లై చేయండి. వేరే పోస్టు కోసం ఆఫీసుకి పెట్టే దరఖాస్తులో "ఏదో ఒక పని ఇవ్వండి" అని రాయొద్దు. లాగ్‌బుక్కులు, డీజిల్ లెక్క, స్పేర్ పార్టుల స్టాకు రిజిస్టరు, ఇవన్నీ డ్రైవర్‌కి కొట్టినపిండి, వాటి పేర్లే రాయండి. ఒడియా రాయడం రాకపోతే ఇంగ్లీషులో రాసి స్పీడ్ పోస్టులో పంపండి. కదలిక లేకపోతే భువనేశ్వర్‌లో వికలాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు.

ఇంకొకరు (రాయగడ):
నేనూ వీల్‌చైర్‌లోనే క్లర్కు పని చేస్తున్నాను. చట్టం సరే, ముందు ఆఫీసు బాత్రూమ్ తలుపు టేపు పెట్టి కొలవండమ్మా, 90 సెంటీమీటర్లుంటే హాయి. మెట్టు అడుగెత్తుంటే ర్యాంపు పన్నెండడుగులుండాలి, బల్ల చెక్క వేసి సరిపెడితే ఆయన్ని వెనక్కి దొర్లించేస్తుంది. కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వాడుతుంటే నాలుగైదు గంటలకోసారి వెళ్లాల్సిందే, సీటు వదల్లేక నీళ్లు తాగడం మానేస్తే ఇన్ఫెక్షన్ ఖాయం. పావుగంటకో, ఇరవై నిమిషాలకో చేతులతో ఒళ్లు పైకెత్తుకోవాలి, మంచి కుషన్ ఉన్నా సరే. కూర్చున్నచోట ఒరిసి పుండు పడిందంటే నెలల తరబడి మంచం మీదే.

ఇంకొకరు:
నేను ప్రైవేటు మిల్లులో చేస్తాను, మాకూ ఇది వర్తిస్తుందా?

జవాబు:
20(4) ప్రభుత్వ సంస్థలకే తమ్ముడూ. మీకు ఈఎస్‌ఐ ఉంటే పనిలో తగిలిన దెబ్బకి, సంపాదించే శక్తి ఎంత పోయిందో చూసి నెలనెలా డబ్బిస్తారు. పీఎఫ్ పెన్షన్‌లో ఒక్క నెల చందా పడి ఉన్నా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే పెన్షన్ ఉంది.

ప్రశ్న అడిగినవారు:
కాగితం పక్కన పెట్టేశామన్నయ్యా. కానీ ఆఫీసు మేడ మీద, లిఫ్టు లేదు.

జవాబు:
స్టోరు గది మామూలుగా కిందే ఉంటుంది కదమ్మా. కింది అంతస్తులో సీటు కావాలని అదే దరఖాస్తులో ఇంకో వాక్యం కలపండి.