పియాజెట్టా పిల్లల తలలు: సుద్దతో వేసేవాళ్ళు ఓ మాట చెప్పండి

బొగ్గుముక్క: 18వ శతాబ్దపు వెనిస్ చిత్రకారుడు పియాజెట్టా వేసిన ఒక కుర్రాడి తలను కాపీ చేస్తున్నాను. గోధుమరంగు కాగితం, నల్ల సుద్ద, తెల్ల సుద్ద. కొలతలన్నీ కుదిరాయి గానీ పిల్లాడికి నలభై ఏళ్ళొచ్చినట్టుంది. తేడా ఎక్కడ కొడుతోంది?

గీతలక్క: ముక్కు పక్కన, పెదవుల చివర గీత లాగారా? తీసేయండి. పెద్దవాళ్ళ ముఖంలో ఎముక తెలుస్తుంది, పిల్లలకు అంతా బుగ్గే. నేనైతే బుగ్గ మీద సుద్ద దాదాపు ముట్టించను, కాగితాన్నే వదిలేస్తాను. ముదురు నలుపంతా జుట్టులోకి, గడ్డం కింద నీడలోకి తోసేయండి.

సుద్దరాజు: ఇప్పుడు గోధుమరంగులో కనిపిస్తున్న ఆయన కాగితాలు చాలావరకు మొదట నీలం. వెనిస్‌లో నీలి గుడ్డపేలికలతో ఆ కాగితం చేసేవారు. ఈ తలలను కొన్నవాళ్ళు అద్దం కట్టించి గోడకు తగిలించుకునేవారు, ఏళ్ళ తరబడి వెలుతురు తగిలి రంగు పోయింది. నీలం టోన్ పేపర్ మీద వేసి చూడండి, తెల్ల సుద్ద ఎంత పలుకుతుందో!

బొగ్గుముక్క: అక్కా, బుగ్గ మీది నీడను పుట్టీ రబ్బరుతో (పిండిలా పిసికి వాడే మెత్తటి రబ్బరు) అద్ది లేపేశా. సగం వయసు తగ్గింది! మరి తెలుపు ఎక్కడ పెట్టాలి?

గీతలక్క: నుదురు, ముక్కు కొస, కింది పెదవి మీద తడి మెరుపు. అంతే. నలుపు మీదికి తెలుపు రుద్దారో, బూడిదే మిగులుతుంది.

జేగురు: నాకు పియాజెట్టా కాస్త నాటకం అనిపిస్తాడు, ఆ వెలుగూ నీడా చూస్తే. పిల్లల మీద చెయ్యి కుదరాలంటే అదే శతాబ్దపు వెనిస్ చిత్రకారుడు లొరెంజో టియెపోలో ఎర్ర సుద్ద బొమ్మలు చూడండి. కాకపోతే ఎర్ర సుద్ద మొండిది, గట్టిగా నొక్కితే రబ్బరుకు లొంగదు.

సుద్దరాజు: నాటకమే, ఒప్పుకుంటా. అందుకే కొనేవాళ్ళు ఎగబడ్డారు! వెనిస్‌లో బ్రిటిష్ కాన్సుల్ జోసెఫ్ స్మిత్ పోగేసిన పియాజెట్టా తలలను 1762లో ఇంగ్లండు రాజు మూడవ జార్జి కొన్నాడు. అవి ఇప్పుడు ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్నాయి. ఆ రాజకుటుంబపు కళాసంపద, రాయల్ కలెక్షన్ వెబ్‌సైటులో పెద్దది చేసి చూస్తే సుద్ద గరుకు కూడా కనిపిస్తుంది.

బొగ్గుముక్క: చూస్తా. సుద్ద రాలకుండా కొట్టే ఫిక్సేటివ్ స్ప్రే ఇప్పుడే కొట్టేయనా?

గీతలక్క: నలుపు అయ్యాక పల్చగా కొట్టి ఆరనివ్వండి. తెలుపు ఆఖర్న. దాని మీద కొడితే మెరుపు చచ్చిపోతుంది.