గానుగ షాఫ్టు: లెక్కలో నిలిచింది, పనిలో విరిగింది. ఏ ఫెయిల్యూర్ థియరీ వాడాలి?

ప్రశ్న (బొబ్బిలి దగ్గర పల్లె, మెకానికల్ ఆఖరి ఏడాది)

మాస్టార్లకి నమస్కారం. సంక్రాంతి తర్వాత మా చెరకు గానుగ ఆడుతుంది. ఈసారి మధ్య షాఫ్టు నేనే లెక్క కట్టి లేతు మీద చేయించాను. 10 హెచ్‌పీ మోటారు, షాఫ్టు నిమిషానికి 120 చుట్లు. పుల్లీ బేరింగుకి బయట 125 మి.మీ. దూరంలో వేలాడుతుంది. బెల్టు రెండు వైపుల లాగుడు కలిపి సుమారు 4000 న్యూటన్లు. అంటే బెండింగ్ (వంచుడు) 500 న్యూటన్ మీటర్లు, టార్క్ (తిప్పుడు) 600. బేరింగు దగ్గర షాఫ్టు 40 మి.మీ., లోపలి వైపు 50. మామూలు ఎంఎస్ (మెత్తటి ఉక్కు) రాడ్డు, ఈల్డు (మళ్లీ వెనక్కి రాకుండా సాగడం మొదలయ్యే స్ట్రెస్) 250 ఎంపీఏ, అంటే చదరపు మి.మీ.కి 250 న్యూటన్లు.

ఫెయిల్యూర్ థియరీల్లో ఒకటైన ట్రెస్కా ప్రకారం కడితే సేఫ్టీ 2 వచ్చింది, అంటే పడే స్ట్రెస్‌కి రెండింతలు ఓర్చుకోవాలి. అయినా ఇరవయ్యో రోజున విరిగిపోయింది. బెల్లం పెనం పొయ్యి మీద ఉంది, రసం సగంలో ఆగిపోయింది. మా నాన్న "ఏటిరా, లెక్క సరిపోయిందన్నావు" అని ఒక్క మాటే అన్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ర్యాంకిన్, ట్రెస్కా, వాన్ మైసెస్‌లలో నేను తప్పు థియరీ ఎంచుకున్నానా?

జవాబు (విజయనగరం, మిల్లు మెయింటెనెన్సు)

తమ్ముడూ, ముందు నీ లెక్కే చూద్దాం. 40 మి.మీ. దగ్గర బెండింగ్ స్ట్రెస్ 79.6, షియర్ (పొర మీద పొర జారేలా చేసే స్ట్రెస్) 47.7 ఎంపీఏ. ఈ రెండూ కలిపితే వచ్చే ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు (షియర్ లేని దిక్కుల్లో ఉండే స్ట్రెస్‌లు) ఒకటి లాగుడు 102, ఇంకొకటి నొక్కుడు 22. ర్యాంకిన్ పెద్దదాన్ని మాత్రమే చూస్తాడు కాబట్టి 102, సేఫ్టీ 2.45. ట్రెస్కా రెండింటి మధ్య తేడా చూస్తాడు, 124, సేఫ్టీ 2.01. వాన్ మైసెస్ 115, సేఫ్టీ 2.18. మూడింట్లో ఏది వాడినా షాఫ్టు నిలవాలి. కాబట్టి నీ తప్పు థియరీ ఎంపికలో లేదు. అసలు తప్పు ఎక్కడుందో కింద చెప్తాను.

ముందు థియరీ ఎందుకో మనసుకి పట్టించుకో. ల్యాబులో రాడ్డుని ఒక్క దిక్కుకి లాగి 250 దగ్గర సాగిందని రాసుకుంటాం. నీ షాఫ్టుని మాత్రం ఒకేసారి వంచుతున్నారు, తిప్పుతున్నారు. ఆ కలగలుపు స్ట్రెస్‌ని ఒక్క అంకెగా మార్చి ఆ 250తో పోల్చడానికే ఈ థియరీలు. లోహం దేనికి లొంగుతుంది అన్న ప్రశ్నకి ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పారు.

ఒక సుద్దముక్క తీసుకుని రెండు చేతులతో తడిబట్ట పిండినట్టు తిప్పు. అడ్డంగా తెగదు. 45 డిగ్రీల ఏటవాలుగా, మెలి తిరిగి విరుగుతుంది. తిప్పుడులో అతి పెద్ద లాగుడు ఆ ఏటవాలు దిక్కునే ఉంటుంది, సుద్ద లాగుడుకి ఓర్చుకోలేదు. అదే ఎంఎస్ రాడ్డుని లేతు చక్‌లో బిగించి తెగేదాకా తిప్పితే బాగా మెలి తిరిగి, చివరికి అడ్డంగా, కత్తితో కోసినట్టు చదునుగా తెగుతుంది. అది షియర్‌కి లొంగింది. బీడు, సుద్ద లాంటి పెళుసు వాటికి ర్యాంకిన్, సాగే ఉక్కుకి ట్రెస్కా లేదా వాన్ మైసెస్ అనడానికి అసలు కారణం ఈ రెండు విరుగుళ్లే. విరిగిన ముఖం చూశాకే లెక్క మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

ట్రెస్కా 1864లో లోహాల మీద ప్రయోగాలు చేసి, షియర్ ఒక హద్దు దాటితే లోహం జారుతుందన్నాడు. వాన్ మైసెస్ 1913లో ఇచ్చిన సూత్రాన్ని పోలెండు ఇంజనీరు హ్యూబర్ 1904లోనే రాశాడు. దాని భావం నాకు చాలా ఇష్టం. చెరువు అడుగున ఉన్న రాయిని నీళ్లు అన్ని వైపులా సమంగా నొక్కుతాయి, రాయికి ఏమీ కాదు. అలాగే లోహంలో సైజు మాత్రం మార్చే స్ట్రెస్ దాన్ని లొంగదీయదు, ఆకారం మార్చే భాగమే లొంగదీస్తుంది. ఆ భాగానికి పట్టే శక్తినే వాన్ మైసెస్ సూత్రం లెక్కిస్తుంది. 1931లో టేలర్, క్విన్నీ రాగి, అల్యూమినియం, ఉక్కు గొట్టాలని లాగుతూ తిప్పి చూస్తే ఫలితాలు వాన్ మైసెస్‌కే దగ్గరగా వచ్చాయి. ఉత్త తిప్పుడులో ట్రెస్కా ఈల్డుకి 0.5 రెట్లు, వాన్ మైసెస్ 0.577 రెట్లు అంటాడు. రెండింటికీ అంతకంటే ఎక్కువ తేడా ఎక్కడా రాదు. గానుగకి ట్రెస్కా వాడావు, జాగ్రత్త వైపే ఉన్నావు.

ఇంతకీ విరిగిన ముక్క ఉందా? ముఖం ఎలా ఉందో చెప్పు.

ప్రశ్న అడిగినవారు

ఉంది మాస్టారూ, ఇప్పుడే కిరోసిన్‌తో కడిగాను. 40 నుంచి 50కి పెరిగే స్టెప్పు మూలలోనే సరిగ్గా తెగింది. ముఖంలో మూడు వంతులు నున్నగా ఉంది, గవ్వ మీద ఉండే గీతల్లా వంపు గీతలు ఉన్నాయి. మిగతా కొంచెం పంచదార పలుకుల్లా గరుకుగా మెరుస్తోంది. ఎక్కడా మెలి తిరగలేదు.

జవాబు (విజయనగరం)

అయితే అది ఫెటీగ్, అంటే మళ్లీ మళ్లీ వంగి లోహం అలసి పగలడం, ఇక సందేహం లేదు. నున్నటి భాగం పగులు రోజురోజుకీ పాకిన దారి. గరుకు భాగం ఆఖరి క్షణంలో తెగింది.

షాఫ్టు తిరుగుతుంటే పైన ఉన్న పోగు అర చుట్టులో కిందికొస్తుంది. ప్రతి చుట్టుకీ ఒకసారి +80, ఒకసారి −80. నిమిషానికి 120 చొప్పున, రోజుకి 8 గంటలు, 20 రోజులకి 11 లక్షల 52 వేల చుట్లు. ఇన్నిసార్లు వంచితే లోహం 250 దాకా ఆగదు. ఎంఎస్ తెగే స్ట్రెస్ 410 అనుకుంటే, నునుపు చేసిన చిన్న నమూనాకి ఓర్పు హద్దు (ఎన్నిసార్లు వంచినా విరగని స్ట్రెస్) దాదాపు సగం, 205. లేతు గీతలకీ సైజుకీ తగ్గించాక నీ షాఫ్టుకి 150 దరిదాపుల్లో మిగులుతుంది. మూల రేడియస్ లేకుండా పదునుగా ఉంటే అక్కడ స్ట్రెస్ రెండింతలు అనుకో, 80 కాస్తా 160. హద్దు దాటేసింది. నీ లెక్కలో ఆ మూలా లేదు, ఆ చుట్లూ లేవు. ట్రెస్కాని తప్పు పట్టకు.

ఇంకొకరు (శ్రీకాకుళం, రైసు మిల్లు ఫిట్టరు)

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒకటి కలుపుతాను. మా దగ్గర ఉప్పుడు బియ్యానికి బాయిలరు ఉంటుంది. ట్రైనింగుకి వచ్చే పిల్లలు డ్రమ్ము లెక్కలో ట్రెస్కా తప్పు కడుతుంటారు. గోడలో చుట్టూ 100, పొడవునా 50 ఎంపీఏ ఉంటే, రెండింటి తేడా 50 అని రాసేస్తారు. మూడో దిక్కు, అంటే గోడ మందం దిక్కున స్ట్రెస్ దాదాపు సున్నా. తేడా 100 నుంచి సున్నాకి తీయాలి, జవాబు 100. వాన్ మైసెస్ అయితే 86.6. ఆ సున్నాని మర్చిపోతే బాయిలరు ఉన్నదానికి రెండింతలు గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆవిరి దగ్గర అలాంటి తప్పు ప్రాణాల మీదకి తెస్తుంది.

మాస్టారూ, బీడు గేరుకి ర్యాంకిన్ ఒక్కటే చాలా?

జవాబు (విజయనగరం)

బాగా గుర్తుచేశారు. లాగుడు ముఖ్యంగా ఉన్నచోట చాలు. బీడు నొక్కుడుకి లాగుడు కంటే మూడు నాలుగు రెట్లు ఓర్చుకుంటుంది. ఒక దిక్కు నొక్కుడు బాగా ఎక్కువగా ఉండి అడ్డంగా కొంచెం లాగుడు కలిస్తే, ర్యాంకిన్ లేని ధైర్యం ఇస్తాడు. అక్కడ లాగుడుకీ నొక్కుడుకీ వేర్వేరు హద్దులు పెట్టే మోర్ పద్ధతి వాడండి.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, కొత్త షాఫ్టు ఎలా చేయించమంటారు? పెనం ఖాళీగా ఉంది, ఎల్లుండికి కావాలి.

జవాబు (విజయనగరం)

పెడస్టల్ బేరింగు గ్రబ్ స్క్రూతో బిగించేది అయితే ఆ స్టెప్పే అక్కర్లేదు. 45 మి.మీ. బ్రైట్ రాడ్డు ఒకే సైజులో నేరుగా వేయించు. బేరింగు 208 (40 మి.మీ. షాఫ్టుది) తీసి 209 (45ది) పెట్టు. ఏ కారణంచేతైనా స్టెప్పు తప్పకపోతే మూలలో 3 మి.మీ. రేడియస్ ఇమ్మని లేతు ఆయన పక్కన నిలబడి చేయించుకో.

ఖర్చు లేని మార్పు ఇంకొకటి ఉంది. పుల్లీని బేరింగు వైపు జరుపు. 125 ఉన్నది 75కి తెస్తే బెండింగ్ 500 నుంచి 300కి పడిపోతుంది. అప్పుడు 45 మి.మీ. షాఫ్టులో బెండింగ్ 33.5, షియర్ కూడా 33.5, వాన్ మైసెస్ 67. పుల్లీ కీవే (కీ కూర్చునే గాడి) చివర స్ట్రెస్ రెండింతలైనా ఓర్పు హద్దు చాలా దూరంలో ఉంటుంది.

పుల్లీ బోరు 45కి పెంచాలి, కీ కూడా 12×8 బదులు 14×9 పడుతుంది. పొద్దున్నే లేతుకి వెళ్లేటప్పుడు పుల్లీ కూడా బండి మీద వేసుకుని వెళ్లు, రెండోసారి తిరగక్కర్లేదు.