గాలానికి గుచ్చేది ఎరా, ఎర్రా?

పెదవాల్తేరు: "గాలానికి ఎర్ర గుచ్చి చెరువులో వేశాడు" అన్న వాక్యంలో "ఎర్ర" అచ్చుతప్పని, "ఎర" అని దిద్దాలని ఒకరి వాదన. నిజంగా తప్పేనా? వానపాము ఎర్రగా ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందా?

సీతమ్మధార: దిద్దకండి మాస్టారూ, అది తప్పు కాదు. ఎర్ర అంటే వానపాము. ఎర అంటే చేపకు ఆశపెట్టే మేత ఏదైనా సరే. పాత రాతలో ఎఱ, ఎఱ్ఱ అని రెంటికీ బండి ఱ ఉండేది. రంగుకు చెప్పే ఎఱ్ఱ కూడా అచ్చం అలాగే రాస్తారు, అందుకే ఈ అనుమానం. కానీ పక్క భాషలు చూడండి. తమిళంలో ఎరను ఇరై అంటారు. కన్నడంలో వానపాము ఎరెహుళు. ఆ భాషలో ఎరుపు కెంపు కదా, అక్కడ రంగు నుంచి ఈ పేరు ఎలా వస్తుంది? ఎర్ర అన్న పేరు ఎర నుంచే వచ్చిందని నా మొగ్గు. ఇంకోటి, గాలం వేస్తాం, ఎర గుచ్చుతాం, మనిషికైతే ఎర చూపుతాం. ఈ క్రియలు కలగాపులగం చేస్తేనే వాక్యం చెడుతుంది.

భీమిలి: పని వైపు నుంచి ఒక మాట. ఎర్ర మంచినీళ్ళ ఎర. ఉప్పునీళ్ళలో కాసేపటికే వాడి, పాలిపోయి, కదలిక పోతుంది. అందుకే గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎర అంటే రొయ్యో, కవళ్ళ చేప ముక్కో.

చెరువులో ఎర్రను ఒక కొస నుంచి గాలం వంపు పొడవునా ఎక్కించి, చివర అరంగుళం వదిలేయాలి. ఆ తోక ఆడితేనే చేప వస్తుంది. ఎక్కువ వేలాడితే చిన్న చేపలు కొసలు కొరుక్కుపోతాయి, గాలం ఖాళీగా పైకొస్తుంది. ఎర్రల్ని చిల్లుల డబ్బాలో తడిమట్టి వేసి నీడన ఉంచాలి. మూత బిగించి ఎండలో పెడితే చచ్చిపోతాయి.

పండుగప్పకు బతికున్న రొయ్య మేలు. తల మీది రంపపు ముల్లు కింద, పైపెంకు వరకే గుచ్చాలి. లోపల కనిపించే నల్లమచ్చకు గాలం తగిలిందా, రొయ్య అక్కడే చస్తుంది. చచ్చిన రొయ్యనైతే తోక రెక్కలు తుంచేసి అటునుంచి ఎక్కించాలి. రెక్కలుంటే ప్రవాహంలో గిరగిరా తిరిగి దారం మెలిపడుతుంది. ఒలిచిన రొయ్య మెత్తబడి జారిపోతుంటే రాత్రంతా ఉప్పులో వేసి ఫ్రిజ్‌లో ఉంచండి, గట్టిపడుతుంది.

తడి గాలాన్ని మాత్రం డబ్బాలో పడేయకండి. ఒక్కదాని తుప్పు పక్కవాటికీ పాకుతుంది. మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క రాయాలి. రీలుకు నీళ్ళు సన్నగానే పొయ్యాలి, పైపుతో గట్టిగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది.

గాజువాక: సీతమ్మధార గారూ, కన్నడంలో ఎరె అంటే నల్లరేగడి కూడా. ఎరెహుళు మట్టిపురుగు కాకూడదా?

సీతమ్మధార: ఆ మాట తోసిపుచ్చలేం. అయినా తమిళ ఇరైకి మట్టితో పనిలేదు, మన ఎరకూ లేదు. వాక్యం మాటకొస్తే భీమిలి గారి లెక్కే సరైంది. చెరువు కాబట్టి ఎర్ర ఉంచండి. గోస్తనీ మొగలో పండుగప్ప కోసం కూర్చున్నవాడైతే మాత్రం ఎర అని మార్చాల్సిందే.