పై అంతస్తుకి వైఫై: మెష్ కొనాలా, లాన్ వైరు లాగాలా?

మురళీనగర్_మేడ:
మాది కింద హాలు, వంటిల్లు, అమ్మావాళ్ల గది, పైన రెండు గదులు. ఫైబర్ వాళ్లు బాక్సుని వీధి గుమ్మం పక్కన టీవీ వెనకాల బిగించి వెళ్లిపోయారు. 200 ఎంబీపీఎస్ ప్లాను, హాల్లో 180 వస్తుంది, పైన వెనక గదిలో ఒక్కోసారి 5 కూడా రాదు. ఆఫీసు కాల్స్ మెట్ల మీద కూర్చుని మాట్లాడుతున్నాను. షాపతను మూడు డబ్బాల మెష్ సెట్టు (ఇంట్లో అక్కడక్కడా పెడితే వైఫైని ఒకదాన్నుంచి ఒకటి అందుకునే డబ్బాలు) తీసుకోమంటున్నాడు, మా బావమరిదేమో రూటర్ నుంచి లాన్ వైరు లాగి పైన యాక్సెస్ పాయింట్ (ఆ వైరులో వచ్చే నెట్‌ని వైఫైగా ఇచ్చే డబ్బా) పెట్టమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గాజువాక_వైరు:
బావమరిది మాట వినండి. మెష్ డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సింది కూడా గాల్లోంచే కదా, మీ ఫోన్‌కి అడ్డొచ్చిన స్లాబు ఆ డబ్బాకి అడ్డురాదా? పైగా చవక సెట్లలో ఒకే రేడియో అటు కింది డబ్బాకీ ఇటు మీ ఫోన్‌కీ పనిచేయాలి, స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది. క్యాట్ 6 రకం లాన్ వైరు 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. మీ ఇంటికి అందులో పావు వంతు చాలు.

ఎంవీపీ_అద్దిల్లు:
సొంతిల్లున్నవాళ్లు ఎన్నయినా చెప్తారు గురూ. మా ఓనరుగారు క్యాలెండరుకి మేకు కొట్టినా కిందకి దిగొస్తారు, ఇక డ్రిల్లింగా! నేను మెష్ వాడుతున్నాను, కాల్ తెగట్లేదు. కిటుకల్లా రెండో డబ్బా పెట్టే చోటులో ఉంది. అది సిగ్నల్ బాగా అందే చోట, అంటే సగం దారిలో ఉండాలి. మాకు మెట్ల మలుపులో కుదిరింది. చాలామంది సిగ్నల్ చచ్చిన గదిలోకే తీసుకెళ్లి పెట్టి, మెష్ దండగ అంటారు.

మధురవాడ_మాస్టారు:
ఇద్దరూ కాస్త ఆగండి, ఆయన చేత అప్పుడే డబ్బు ఖర్చు పెట్టించకండి. ముందు ఆ బాక్సుని టీవీ వెనక నుంచి బయటికి తీయించండి. వైరు ఎక్కడ లోపలికొస్తే అక్కడే బిగించి పోవడం వాళ్లకి తేలిక, మీకు కాదు. ఫైబర్‌ని మెట్ల దగ్గరికి పొడిగించమంటే చాలామంది చేసిపెడతారు, మూలల్లో మాత్రం మడత పడకుండా గుండ్రంగా తిప్పించండి. తర్వాత ఫోన్‌లో సిగ్నల్ కొలిచే యాప్ వేసుకుని పై గదిలో చూడండి. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో చూపిస్తుంది, మైనస్ 67 దరిదాపుల్లో ఉంటే వీడియో కాల్‌కి ఢోకా లేదు, మైనస్ 80కి దిగితే మాత్రం ఏదో ఒకటి కొనాల్సిందే. వైఫై వాడే బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్ గోడలకి త్వరగా తగ్గిపోతుంది, 2.4 కాస్త నయం కానీ చుట్టుపక్కల అందరి రూటర్లూ అందులోనే ఉంటాయి. ఆ 2.4లో ఛానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది పెట్టుకోండి.

మురళీనగర్_మేడ:
మాస్టారూ, పెద్ద యాంటెన్నాలున్న రూటర్ ఒకటి కొంటే సరిపోదా?

మధురవాడ_మాస్టారు:
రూటర్ ఒక్కటే గట్టిగా పంపితే ఏం లాభమండీ? మీరు మైకులో మాట్లాడితే వీధి చివర ఉన్న నాకు వినపడుతుంది, నేను మామూలుగా పలికితే మీకు వినపడొద్దూ? ఫోన్ పంపే శక్తి చిన్నది. ఫుల్ గీతలు చూపిస్తూ కాల్ నత్తినత్తిగా వచ్చేది అందుకే.

గాజువాక_వైరు:
ఇంకో సంగతి. గాలివాన మొదలైతే మన విశాఖలో కరెంటు సంగతి తెలిసిందే, 2014 హుద్‌హుద్ తుఫాను దాకా పోనక్కర్లేదు. కింద బాక్సు ఇన్వర్టర్ మీద నడుస్తుంది, పై ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లేకపోతే మెష్ డబ్బా ఆగిపోతుంది. పీఓఈ ఉన్న యాక్సెస్ పాయింట్ అయితే కరెంటు కూడా లాన్ వైరులోంచే తీసుకుంటుంది. కింద ఇన్వర్టర్ ఉంటే పైన వైఫై ఉన్నట్టే. వైరు కొనేటప్పుడు జాగ్రత్త, అల్యూమినియంకి రాగి పూత వేసినది అంటగడతారు. తీగని బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే తిరిగిచ్చేయండి. ఆరుబయట జాక్ పెట్టొద్దు, ఉప్పుగాలికి పచ్చగా చిలుం పడుతుంది.

ఎంవీపీ_అద్దిల్లు:
అద్దింట్లో ఇన్వర్టరే లేదు మహాప్రభో.

మురళీనగర్_మేడ:
మెట్ల గోడలో పాత కేబుల్ టీవీ పైపు పైదాకా ఉంది, ఇప్పుడు వాడట్లేదు. అందులోంచి లాన్ వైరు తీయొచ్చా?

గాజువాక_వైరు:
భేషుగ్గా. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చొద్దు. జాక్ బిగించకముందే వైరు లాగండి, బిగించాక ఆ పైపులో పట్టదు.

మధురవాడ_మాస్టారు:
పైపు ఉందని మొదటి పోస్టులోనే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు కదండీ. అయినా ముందు టీవీ వెనక నుంచి బాక్సు తీయండి.

ఎంవీపీ_అద్దిల్లు:
సరే, పైపు ఉన్నవాళ్లకి వైరే మేలు, ఒప్పుకున్నాను. పైపూ లేక, గోడ ముట్టుకోనివ్వని ఓనరుతో ఉండేవాళ్లకి మెష్ కాకుండా ఇంకేం చెప్తారో చెప్పండి, వింటాను.