‘ప్రకృతి విరుద్ధం’ సరే, రెండో మాట ఏం పెట్టాలి?

అందరికీ నమస్కారం. ఫ్రెంచి రచయిత ఆంద్రే జీద్ ‘కొరిదోన్’ని తెలుగు చేస్తూ ఒక్క వాక్యం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. పుస్తకం తెలియనివారికి రెండు ముక్కలు: మగవాళ్ల మధ్య ప్రేమ గురించి నాలుగు సంభాషణలు. కొరిదోన్ అనే డాక్టరు దాన్ని సమర్థిస్తుంటాడు, ‘నేను’ అనే పాత్ర అడుగడుగునా అడ్డు తగులుతుంటుంది. 1911లో జీద్ తన పేరు పెట్టుకోకుండా 12 ప్రతులే వేయించాడు, 1920లో 21. అందరూ కొనుక్కునేలా వచ్చింది 1924లో. (ఠాగూర్ గీతాంజలిని ఫ్రెంచిలోకి తెచ్చింది ఈ జీదే.)

మీరు ‘కోంత్ర్ నత్యూర్’ అనే చోట ‘కోంత్ర్ కుత్యూమ్’ అంటే చాలు, అంటాడు డాక్టరు. మొదటిది ప్రకృతి విరుద్ధం. రెండోది? ‘ఆచార విరుద్ధం’ అంటే మడి, తద్దినం గుర్తొస్తున్నాయి. ‘అలవాటుకు విరుద్ధం’ అంటే ఎవరో కాఫీ మానేసినట్టుంది!

— ‘లోకవిరుద్ధం’ పెట్టండి. ‘యద్యపి శుద్ధం లోకవిరుద్ధం నాచరణీయం’ అని మా తాతగారు ఊరికే అనేవారు. శుద్ధమైనదే కావచ్చు, లోకం ఒప్పదు అనే తేడా అందులోనే ఉంది. ‘అందుకని చేయకు’ అన్న చివరి ముక్క దగ్గరే కదా మీ డాక్టరు తగువు!

— నాదీ అదే ఓటండీ. ‘ప్రకృతి విరుద్ధం’ అనగానే మనకి స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్, నేరం కాదన్న 2018 సుప్రీంకోర్టు తీర్పు గుర్తొస్తాయి. ఫ్రాన్సులో 1791 నుంచే ఇది నేరం కాదు. జీద్‌కి ఎదురు నిలిచింది చట్టం కన్నా నలుగురి నోళ్లు. అన్నట్టు, మన వ్యాకరణంలో ఆకాశం ప్రకృతి, ఆకసం వికృతి. ఆకసాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

— ఇద్దరికీ థాంక్సండీ, ‘లోకవిరుద్ధం’ ఖాయం. ఒక్కటే చిక్కు. ఈ ప్రకృతి అనేదే మొదటి అలవాటేమో, అలవాటు రెండో ప్రకృతి అయినట్టు, అనే ఫ్రెంచి తత్వవేత్త పాస్కల్ మాటనీ ఇందులో వాడుకున్నాడు. అక్కడా అదే ‘కుత్యూమ్’. దానికి ‘లోకం’ నప్పదు, ‘అలవాటు’ అనే రాస్తాను. ఒకే ఫ్రెంచి మాటకి రెండు తెలుగు మాటలని ఎవరైనా తిడితే పడతాను. ఇక రెండో సంభాషణలో జంతువుల పేజీలు మిగిలాయి. వాదం పలచబడేదీ, నాకు నిద్ర ముంచుకొచ్చేదీ అక్కడే.