గుద్దిన తర్వాత ఊడిన ముక్కలు ట్రాక్ మీదే ఉండాలా, మాయమవ్వాలా?

నైట్‌డ్రైవ్:
కారు గేముల్లో ఊడిన బంపర్లు, పగిలిన అద్దం పెంకులు రేసు అయ్యేదాకా రోడ్డు మీదే ఉండాలని నా వాదన. వాటి మీదుగా పోతే బండికి తేడా కూడా తెలియాలి. రెక్‌ఫెస్ట్ అనే గేమ్‌లో మొదటి ల్యాప్‌లో చెదిరిన టైర్లు, రేకులు తర్వాతి ల్యాప్‌లో మళ్లీ అడ్డం వస్తాయి. గుద్దేసి పోతే అయిపోయినట్టు కాదు. పెద్ద పెద్ద గేముల్లో ఇది లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. మీరేమంటారు?

ఫ్రేమ్‌రేట్:
ఆశ బాగుంది అన్నా, లెక్క కూడా చూడండి. బీమ్‌ఎన్‌జీ డ్రైవ్ అనే గేమ్ కారు బాడీని నోడ్లు (బిందువులు), బీమ్‌లు (వాటిని కలిపే కడ్డీలు)గా విడగొట్టి సెకనుకు 2000 సార్లు లెక్కగడుతుంది. అలాంటి గేమ్‌లో కూడా అద్దం ముక్కముక్కగా విడిపోదు. పగుళ్ల బొమ్మ వేసి, కొన్ని పెంకులు ఎగిరినట్టు చూపిస్తారు, అంతే. 20 కార్లకు వందల పెంకులంటే మామూలు ల్యాప్‌టాప్ చేతులెత్తేస్తుంది. ఆన్‌లైన్‌లో ప్రతి ముక్కా అందరి స్క్రీన్ మీదా ఒకే చోట కనపడాలి కూడా.

అద్దాలషాపు:
పెంకులు ఎన్ని అన్నది తర్వాత, ముందు అది ఏ అద్దమో చూడమనండి. కార్ల అద్దాలు మార్చడమే నా పని. ముందు అద్దం లామినేటెడ్, అంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. దెబ్బ తగిలితే సాలెగూడులా బీటలు వారుతుంది గానీ ముక్కలు ఆ పొరనే అంటుకుని ఉంటాయి. పక్క అద్దాలు చాలా కార్లలో టఫెన్డ్, అంటే వేడి చేసి గట్టిపరిచిన గాజు. ఒక్కచోట పగిలితే చాలు, మొత్తం మొద్దు అంచుల చిన్న పలుకులుగా రాలిపోతుంది. గేముల్లో మాత్రం ముందు అద్దం కూడా కోసుగా, పొడుగ్గా ముక్కలై ఎగరడం చాలాసార్లు చూశాను. అలా పగిలేది ఇంటి కిటికీ గాజు!

సరిగ్గా చూపిస్తే కంప్యూటర్ మీద భారమూ తక్కువే. ముందు అద్దానికి బీటలు వేసి, కాస్త లోపలికి వంచితే సరిపోతుంది. ఎదురెండలో ఆ బీటల గుండా రోడ్డు కనపడక కాక్‌పిట్ వ్యూలో, అంటే డ్రైవర్ సీట్లోంచి చూస్తూ ఆడేవాడు ఎంత ఇబ్బంది పడతాడో ఊహించండి. ఆ టెన్షన్ వంద పెంకులు ఎగిరినా రాదు.

నైట్‌డ్రైవ్:
మరి ఆ ముక్కల మీదుగా పోతే టైర్ పంక్చర్ అవ్వాలా, దాని సంగతి?

పిట్‌లేన్:
టఫెన్డ్ పలుకుల కంటే విరిగిన కార్బన్ ఫైబర్, ఇనుప ముక్కలతోనే భయం. 2009 హంగరీ ఫార్ములా వన్ రేసు క్వాలిఫయింగ్‌లో బారికెల్లో అనే డ్రైవర్ కారు నుంచి ఊడిన ఒక్క స్ప్రింగ్ తగిలి, హెల్మెట్ ఉన్నా ఇంకో డ్రైవర్ మాసా స్పృహ తప్పాడు. ఆ సీజన్‌లో మళ్లీ రేసు చేయలేదు. కాబట్టి గాజు పలుకులు మాయమైనా ఫర్వాలేదు, గట్టి ముక్కలు ఉంచాలి. ప్రమాదం ఉందని చెప్పే పసుపు జెండా, అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు కూడా రావాలి. ఇంకోటి, బర్నౌట్, రెక్‌ఫెస్ట్, బీమ్‌ఎన్‌జీ మూడు గేముల్లోనూ కార్లు కల్పితాలే. అసలు కంపెనీల కార్లు పెడితే ఇంత నుజ్జు చేయనిస్తారా అన్నది నా అనుమానం.

ఫ్రేమ్‌రేట్:
గట్టి ముక్కలు కొన్నే అయితే కుదురుతుంది, ఒప్పుకుంటాను. పంక్చర్ మాత్రం పబ్లిక్ లాబీలో, అంటే ఆన్‌లైన్‌లో ఎవరైనా చేరగలిగే రేసులో వద్దు. ఒకడు కావాలనే మలుపులో బంపర్ ఊడగొట్టుకుని వెళ్లిపోతే, వెనక శుభ్రంగా నడిపేవాళ్లు బలవుతారు. లాబీ పెట్టినవాళ్లకే ఆ ఆప్షన్ ఇవ్వాలి.

నైట్‌డ్రైవ్:
ఆప్షన్‌గా పెడితే ఎవరూ ఆన్ చేయరు అన్నా. కావాలని చేసేవాడికి పెనాల్టీ వేయండి, ముక్కలు తీసేయకండి.